తొమ్మిది ఫీట్లు

సర్వేయర్ పిలగాడు మా చెలకల
ఎర్ర రంగు పూసిన కట్టె ఒకటి పాతిండు.
"మామా, ఇగ దీనికన్న ఎత్తు ఏదీ లేవద్దు" అన్నడు.
గోడ లేవద్దు, రేకుల కొట్టం లేవద్దు,
యాపచెట్టు లేసినా కొన కొట్టాల్నంట.

భూమి నాదే.
పాసుబుక్కుల నా పేరే ఉన్నది,
ఉషన్న, తండ్రి బుడ్డయ్య,
రెండెకరాల పదకొండు గుంటలు.
దాని మీది గాలి మాత్రం
గుట్టెక్కి నిలబడేటోళ్లది.
ఐతారం ఐతారం కార్లేసుకొని వస్తరు
కొల్లాపూర్ దాటి, మా ఊరి సిమెంటు రోడ్డు మీదికెల్లి.
వాళ్ల కండ్లకూ కృష్ణకూ నడుమ
నేను అడ్డం రావద్దు.

ఆ నీళ్ల ముచ్చట నాకు చెప్తరా?
అగో, ఆ మలుపుకాడ, పుట్టి తిరుగుతున్న తావుల
మా నాయిన జొన్న కోసిన మడి ఉండె.
డ్యాం కట్టినప్పుడు భూమిని కిందికెల్లి గుంజుకున్నరు.
మిగిలిన ముక్కను ఇప్పుడు పైకెల్లి.

సంతకానికి లక్షా పదివేలు, ఒక్కపారి.
ఎన్నేండ్లకు అని అడిగితే
"శాశ్వతంగా" అని చదివి వినిపిచ్చిండు గుమస్తా.
ఆ మాట మా ఇండ్లల్ల
ఎవ్వరం దేనికీ వాడం.

నిరుడు ఎకరం నలభై ఎనిమిది అన్న బ్రోకర్ మైబు
ఇయ్యాల నన్ను చూసి చాయ్ ఊదుకుంటున్నడు.
"పన్నెండుకు ఎవరన్న దొరికితే చెప్తలే."
రోడ్డు ఆవలి పక్క, గీతకు బయట,
సవారన్న గుండ్ల చెలుక, గడ్డి గూడ మొలవనిది,
డెబ్బై పలికింది.
ముందర నేను కట్టను గదా!
నా కట్టకపోవుడుకు ధర వచ్చింది,
పైసలు సవారన్న జేబుల పడ్డయి.
పాపం, ఆయన తప్పేమున్నది,
కల్లు పోయించిండు గూడ.

ఇరవై ఏండ్లు పూణెల మేస్త్రి పని చేసిన.
పద్నాలుగో స్లాబు మీద కూసొని సద్ది తిన్నోన్ని.
ఎవరి కిటికీకి అడ్డం లేపుతున్ననో
ఒక్కనాడన్న అడిగిన్నా?
ఇది ఎందుకు యాదికొస్తదో తెల్వదు,
రాత్రిళ్లు వస్తది.

ఉన్నమాట చెప్పాలె.
మొన్న పొద్దుగూకే యాల్లకు మణెమ్మ, నేను గుట్టెక్కినం,
తప్పిపోయిన మేక కోసం కాదు, ఊకెనే, చూడనీకి.
నీళ్ల మీద ఎండ
మాగిన మామిడిపండు తొక్క లెక్క జారుతున్నది.
ఇన్నేండ్లు దాని ఒడ్డుకే ఉండి నేను చూడలే.
మణెమ్మ శానసేపు మాట్లాడలే.
ఆఖరికి,
"మన కొట్టం ఈడికెల్లి అగ్గిపెట్టంత గూడ లేదు,
అది ఎవలకు అడ్డమయ్యా?" అన్నది.

కాగితం మళ్ల చదివిపిచ్చిన.
ఎత్తు గురించి మూడు పేజీలు.
లోతు గురించి ఒక్క మాట లేదు.

తెల్లారి గడ్డపార తీసిన.
కిందికి నాలుగు, మీదికి తొమ్మిది,
నిలబడనీకి పదమూడు ఫీట్లు చాలు మేకలకు, మాకు.
రసమట్టం పెట్టి చూసుకుంటుంటే
గుట్ట మీద ఎవరో ఫోన్ ఎత్తిన్రు.
తీసుకోనియ్యి.
వాళ్ల ఫొటోల నేను
నడుము దాకనే పడత.