జీడిగింజ గుర్తు

కొర్లగుంటలో మా గుమ్మం ముందు
తెల్లారి నాలుగుకే మూటలు దిగేవి.
స్టేషను వెనక పదకొండు లాడ్జీల దుప్పట్లు,
అన్నీ తెలుపే, అన్నీ ఒకే మిల్లువి,
అన్నింట్లోనూ ఎవరెవరిదో కొండెక్కి దిగిన అలసట.

మా అమ్మ మునిచెంగమ్మకు అక్షరం రాదు.
జీడిగింజలో సూది పొడిచి
దుప్పటి మూలన గుర్తేసేది.
రెండు చుక్కలూ అడ్డగీతా అయితే మేడమెట్ల లాడ్జి,
కొక్కెమూ మూడు చుక్కలూ అయితే
లిఫ్టు చెడిపోయిన లాడ్జి.
జీడి కాల్చిన మచ్చలు ఆమె వేళ్ల నిండా.
పదకొండు గుర్తులూ ఆ వేళ్లలోనే ఉండేవి.

ఇప్పుడు నా పనీ అదే.
యూనివర్సిటీలో రెండో అంతస్తు,
ఏసీ బుద్ధి పుట్టినప్పుడు పనిచేసే గది.
తెర మీద ప్రొటీన్లు మెల్లగా తిరుగుతుంటాయి.
ఒక్కోదానికి నాలుగక్షరాల పేరు,
నా కంటికది జీడిమరకే.

ఇరవై రకాల పూసలతో గుచ్చిన దారం
తనంతట తానే ముడుచుకుంటుంది,
ఇక్కడొక సుడి, అక్కడ పక్కపక్కన పట్టీలు,
నడుమ ఎటూ కాని వంపు.
ఇస్త్రీ చేసేవాళ్లెవరూ లేరు.
ఆ మడత చూసి నేను గూట్లో పెట్టాలి.

మొదటేడు పూసల వరసనే నమ్ముకున్నాను.
హేమాద్రి సారు ఒకరోజు రెండింటిని తెచ్చి
ఒకదాని మీద ఒకటి పరిచాడు.
ఒకటి మనిషి నెత్తురులోది,
ఒకటి చెనక్కాయ వేరు బుడిపెలోది.
పూసలు నూటికి ఇరవై కూడా కలవవు.
మడత మాత్రం
ఒకే చెయ్యి పిండి ఆరేసినట్టు
వంపు మీద వంపు కూర్చుంది.

చిన్నప్పుడు పుంగనూరు దగ్గర మా పెద్దమ్మ చేలో
పీకిన మొక్క వేరు గోటితో నలిపితే
ఎర్రగా అంటింది.
నెత్తురని ఏడిస్తే కూలోళ్లంతా నవ్వారు.
ఇన్నేళ్లకు, ఆ ఏసీ గదిలో,
నేను మరీ అంత తప్పేమీ కాదని తేలింది.

ఈ వారం ఒకటొచ్చింది,
తలకోన నీటి పక్కన మట్టిలో బతికే పురుగుది,
కంటికి ఆనని పురుగుది.
రెండు రాత్రులు వెతికించాను.
ఏ గూటిలోనిదీ దాని మీద సరిగా కూర్చోలేదు.
ఒక సుడి కుదిరితే పట్టీ బయటికి జారుతుంది.
"దగ్గరి గూట్లో పడేయక్కా,
శుక్రవారం రిపోర్టు పోవాల" అన్నాడు కులశేఖర్.

పదేళ్లప్పుడు
మూటలో గుర్తు లేని దుప్పటొకటి కనబడితే
నేనే కొక్కెం గీసి, మూడు చుక్కలు పెట్టాను.
అమ్మ కొట్టలేదు.
దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది.
"తెలీనిదానికి గుర్తెయ్యబాక మే.
ఏసినాక అది ఎవురిదో
ఇంక ఎప్పటికీ తెలీదు."
గుడ్డ చినిగినా జీడి పోదు.
ఆ దుప్పటి తనది కాని మంచం మీదే పాతబడింది.

శుక్రవారం ఆ ఒక్క గడి ఖాళీగానే పంపాను.
సారు ఏమంటాడో సోమవారం చూడాలి.

రాత్రి అమ్మ ఫోను.
"తిన్న్యావా? ఏం చేస్తాండావు?"
"మడతలు పెడతాండా."
అటు కాసేపు ఇస్త్రీపెట్టె చప్పుడు.
"ఇంత సదివిచ్చినా
ఇంగా అదేనా మే?"