పడుగు కనిపిస్తాది, పేక కనపడదు

పొద్దున ఏడున్నర బస్సులో
డ్రైవరు వెనక సీటు నాది.
ఒళ్ళో చుట్టిన చార్టు, సంచిలో టార్చి, కొలత టేపు,
ఒక కన్ను మూసేదానికి అట్టముక్కలు,
ఏడ్చే పిల్లోళ్ళకి కమ్మరకట్లు.

కిటికీలోకి నగరి ముక్కు కొండ వచ్చినప్పుడంతా
అదే ఆలోచన నాకు:
అంత ముక్కు పెట్టుకోని
ఇన్నేండ్లూ కళ్ళద్దాలు లేకుండా ఎట్ల నెట్టుకొచ్చిందో అని.

మగ్గాల వీధి బడి.
గోడకి అవతల పవర్‌లూములు
మాట మాటకీ అడ్డం పడతా ఉండాయి.
ఆరు మీటర్లు కొలిస్తే గది చాల్లేదు.
వసారా దాటి, నీళ్ళ డ్రమ్ము దాటి
ముగ్గుపిండితో గీత గీసి
"ఈడ నిలబడు నాయనా" అన్నాను.

అక్షరాలు రానోళ్ళకి ఒకటే బొమ్మ,
మూడు పండ్ల దువ్వెన.
పండ్లు ఎటుంటే చెయ్యి అటు చూపించాల.
ఆట అనుకున్నారు. మంచిదే.
ఒకడు అట్టముక్క సందులోంచి తొంగి చూసినాడు,
ఒకతె నా మొగం చూసి జవాబు చెప్పింది.

లోహిత. ఐదేండ్లు నిండి మూడు నెల్లు.
పండ్లు పైకి ఉంటే టకీమని పైకి,
కిందికి ఉంటే కిందికి.
పక్కకి తిప్పితే
ఆ చిన్న చెయ్యి గాల్లోనే నిలబడిపోయింది,
తల ఒక పక్కకి వాలింది.

"మొద్దు మేడం, గీతల పుస్తకం ఇస్తే
గీత మీద రాయనే రాయదు" అంది టీచరు.
పుస్తకం తెప్పించి చూసినాను.
అక్షరాలు గీతల మీద కాకుండా
వరదలో కొట్టుకొచ్చిన చెప్పుల మాదిరి ఉండాయి.
గీత యాడుంది అని ఆ బిడ్డ ఎప్పుడూ అడగలేదంట.
కనపడని గీత గురించి
ఎవురైనా ఏమని అడుగుతారు?

"బాగా కనిపిస్తా ఉండాదా పాపా?"
"కనిపిస్తా ఉండాది."
అబద్ధం కాదది.
కళ్ళు తెరిచిన దినం నుంచి లోకం అట్లనే ఉంటే
ఇంకోలా ఉంటుందని యాడ తెలుస్తాది?

వాళ్ళ నాయన ధనపాలు షిఫ్టు మధ్యలో వచ్చినాడు,
కనుబొమల మీద దూదిపొట్టు.
అస్టిగ్మాటిజం అన్నాను. తలకాయ ఊపినాడు, అర్థం కాలేదు.
నల్లగుడ్డు బంతి మాదిరి కాకుండా
కోడిగుడ్డు మాదిరి ఉందన్నాను. భయపడినాడు.
ఇంక నాకూ మాటలు అయిపోయి
గోడ అవతలి చప్పుడు పక్క చూపించి అన్నాను:
పడుగు కనిపిస్తాదన్నా. పేక కనపడదు.

చానా సేపు ఏమీ అనలేదు.
తర్వాత, నాతో కాదు, ముగ్గుపిండి గీతతో చెప్పినట్టు:
"మగ్గం కాడికొచ్చి అడిగింది మేడం ఒకనాడు,
నాయినా, దారాలన్నీ నిలువుగానే పోతాయే,
గుడ్డ ఎట్లవుతాది అని.
నవ్వినాను నేను.
అందరికీ చెప్పి నవ్వించినాను."

మూడు వారాలకి అద్దాలు వచ్చినాయి, నీలం ఫ్రేము.
పెట్టుకోగానే సంతోషం ఏమీ లేదు.
"నేల వాలిపోతా ఉండాది" అని గోడ పట్టుకుంది.
"ఎవురి దిష్టో" అని అవ్వ ఉప్పు తిప్పేసింది.
అలవాటు కావాల, తీయొద్దు అన్నాను,
ఏడేండ్లు ఎనిమిదేండ్లు దాటితే
మసకే నిజమని మెదడు నమ్మేస్తాది అన్నాను.
ఆ బిడ్డ వినలేదు.
నా చీర కుచ్చెళ్ళ కాడ వంగి
అంచు మీద అడ్డచారల్ని
వేలితో ఒక్కొక్కటే తాకతా ఉండాది.
ఏడు దాకా లెక్కపెట్టి
ఎనిమిది రాక మళ్ళీ మొదులు పెట్టింది.

రాత్రి రిజిస్టరు మూసేటప్పుడు చూసినాను.
నలభై రెండు పేర్లు, నలభై ఒక్క టిక్కులు.
పదిహేడో నెంబరు, మునిచంద్ర,
పరీక్ష దినం జరంతో బడికి రాలేదు.

రేపు ఏడున్నర బస్సు.
ఒక్కడి కోసమే, అయినా
చార్టు చుట్టి తలాపున పెట్టుకున్నాను.