చూడనోని వాటా

కాన్సల్ కొట్టుకుని పోతూ పోతూ
గంగాధర్ తన టీవీని మా రూముకు ఇడిసిపెట్టిండు.
ముప్పై రెండు అంగుళాలు. ఎడమ పక్క ఒక పచ్చగీత.
వెనక తీగ పెట్టే బొక్కలు రెండు, ఒకటి సచ్చింది.
ఆరు నెల్లు మా ముఖాలే మాకు నల్లగ సూపెట్టుకుంట
గోడకు నిలబడ్డది.
దాని మీద బనీన్లు ఆరేసుకున్నం.

జీతం పడ్డ రాత్రి ఒక మాటైంది.
మనిషికి ఇరవై దిర్హాలు, ఆరుగురం, నూటా ఇరవై.
పెట్టె తెచ్చుడు నా వంతు,
డబ్బా మీది ఇంగ్లీషు కూడబలుక్కుంటనని.

ఓదెలు తెల్లారంగ బేకరీ డ్యూటీ దిగొచ్చి
పిండి అంటిన జేబుల నుంచి ఇరవై తీసిండు.
"నువ్వు సూసేదెప్పుడే? వద్దు తియ్" అన్నం.
"సూడకుంటేంది, వాటా వాటానే" అని
దుప్పటి పరద గుంజి
గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.

షార్జాల, రోల్లా సందుల, షంసుక్క దుకాణం.
అద్దం మీద మూడు పెట్టెలు పేర్చిండు
వంకాయలు ఏరుకోమన్నట్టు.

మొదటిది యాబై తొమ్మిది. పేరు లేదు, గీరు లేదు.
"నాలుగు వేల ఛానళ్ళు. అన్నీ ఫ్రీ."
"ఎన్ని రోజులు?"
"నెల నాది గ్యారంటీ. నెల దాటితే అల్లాది."
చేతిలకు తీసుకుంటే
ఖాళీ అగ్గిపెట్టె తీరు తేలిక.

రెండోది తొంభై తొమ్మిది. దాని గురించి ఆయనేం జెప్పలే.

మూడోది నూటా డెబ్బై.
రిమోట్‌కు చెవులున్నయట, నోటితో అడిగితే తెస్తదట.
"తెలుగు ఇంటదా?"
"వార్తలల్ల చదివే తెలుగైతే ఇంటది.
నువ్వు మాట్లాడేది, డౌటు."

ఫోన్ కలిపితే రూమంత ఒక్కసారే మాట్లాడింది.
రాజేశం: ఆఖరి ఓవర్ల ఆ గుండ్రం తిరగొద్దు, గంతే.
దేవన్న: ఒగ్గుకథ పూర్తిది రావాలె, ముక్కలు గాదు.
పోశెట్టి: నా బిడ్డ స్కూల్ల మాట్లాడిన వీడియో,
ఫోన్ల గోరంత కనవడుతది.
అంజద్: ఏదన్న సరే తియ్, బస్సు పోతది.
వాళ్ళ ఎనుక ఒక గురక.
అది ఏం అడగలే.

పైసలు లెక్కపెడుతుంటే ఆ గురకనే చెవుల మెదిలింది.
శుక్రారం మాకు సెలవు,
ఓదెలుకు అది నడిరాత్రి.

"ఇక్కా, తీగ లేకుండ చెవులకు పెట్టుకునేది
దేనికి కలుస్తది?"
షంసుక్క అగ్గిపెట్టెను ఎనుకకు జరిపిండు.
"ర్యామ్ అడుగుతరు, బొమ్మ సాఫ్ ఉండాలంటరు.
సప్పుడు వద్దని అడిగినోన్ని ఇయ్యాల్నే సూసిన."

తొంభై తొమ్మిది పెట్టెకు. ఇరవై చెవులకు.
మిగిలిన దిర్హాం ఒక కరక్ చాయ.
అది నేను తాగిన, లెక్కల రాసిన.

మొదటి రాత్రి పోశెట్టి బిడ్డ టీవీ నిండ నిలబడ్డది.
"గౌరవనీయులైన" అనంగనే
గుండ్రం తిరుగుడు మొదలువెట్టింది.
ఎవ్వరం తిట్టలే.
పచ్చగీత పిల్ల భుజం మీదుగ పోయింది.
పోశెట్టి లేసి
దాన్ని అరచేత్తో తుడిసి సూసిండు.

శుక్రారం పదకొండు గంటలు. మ్యాచి.
చెవుల జత ఒక్కటే. మావి పది చెవులు.
రాజేశం పెట్టుకున్నడు,
విన్నది విన్నట్టు జగిత్యాల తెలుగుల మాకు గుసగుస వోసిండు.
"ఎనుకకు జరిగిండు... లేపిండు...
అరె, ఆడొకడు నిలబడే ఉన్నడు గదరా..."
సిక్సు వడ్డప్పుడు
అంజద్ మెత్తను కరిసిండు.
దేవన్న దేవుని పేరు కూడ పెదవులతోనే అన్నడు.

పరద లోపల్నుంచి నిద్ర మబ్బు గొంతు:
"ఇంకెన్ని కొట్టాలెరా?"

ఐదుగురం బొమ్మలమైనం.
ఆఖరికి రాజేశం, అదే గుసగుసల,
"పదకొండు. తొమ్మిది బంతులు. నువ్వు పండుకో."

జరసేపటికి
పరద అంచు బొటనవేలంత జరిగింది.