పగిలే సామాను

వాగు ఊరి మీదికొచ్చిన రాత్రి
మా గింజల కొట్టు నడుములోతు మునిగింది.
మూడోనాడు తలుపు నూకితే
గురిగిలు పగిలి లోపలంత పచ్చగుంది.
చీకట్లనే మొలిచినయి.
వానాకాలమొచ్చిందనుకున్నయి, పాపం.

పోలెబోయిన నాగులమ్మ
రిజిస్టరును దండెం మీద ఎండేసింది,
పేజీకో బట్టల క్లిప్పు పెట్టి.
సిరా కారిపోయిన కాడ
యాది మీద చదివింది:
నారేప, చార, నల్లజీడి, కొడిశె...
ఒక గడి కాడ ఆగింది.
దానికి తెలుగు పేరు ఎవరూ పెట్టలేదట.
కోయల వాళ్ళ అవ్వ పిలిచిన పేరు చెప్పింది
రెండుసార్లు, నెమ్మదిగ.
నేను రాసుకున్న. తప్పే రాసిన కావచ్చు.

ఫోన్ చెయ్యాలె.
పరకాలకు చేసిన, జన్నారానికి చేసిన.
ఉట్నూరుకు చెయ్యనీకి చెయ్యాడలేదు.
ఆరేండ్ల కింద వాళ్ళు కొడిశె గింజలడిగితే
"మాకే తక్కువున్నయ"ని
మూడు వేళ్ళకు అందినంత ఇచ్చినం.

పరకాల నుంచి మామిడి తొక్కు సీసల
ఏగిస గింజలొచ్చినయి, కారం వాసనతోని.
జన్నారమోళ్ళు బడిపిల్లగాని పాత సంచి పంపిన్రు,
సంచి అడుగున ఒక అరిగిన రబ్బరు కూడ.
ఆఖర్న ఉట్నూరు నుంచి సొరబుర్ర.
మూతికి మైనం, లోపల బూడిద,
బూడిదల కొడిశె గింజలు,
దూది కుచ్చులు తీసి, ఒక్కొక్కటి ఏరి.
నాలుగు దోసిళ్ళు!
కుమ్ర జంగుబాయి మనుమరాలితోని రాయించింది:
"ఇవి మీయే. మా దగ్గరుండి పెద్దగైనయి."

నాగులమ్మ ఆ చీటీని
రిజిస్టరుల అంటించింది.
నేను మొకం కడుక్కొచ్చిన.

ఇప్పుడు మా కొట్టుల మావి సగమే.
మిగతాయి మూడూర్ల నిద్రపోతున్నయి,
వాళ్ళయి మా దగ్గర.
ఏ వాగొచ్చినా నాలుగిండ్లు ఒక్కసారే ముంచాలె.

నిన్న హన్మకొండ బస్టాండు, కార్గో కిటికీ.
పేరులేని గింజలు పావుకిలో, ఉట్నూరుకు.
"విలువెంత రాయాలె?" అన్నడు గుమాస్తా.
ఎనక లైను పెరుగుతుంది.
యాభై రూపాలు రాయమన్న.
"పగిలే సామానా?"

అవునన్న.
"ఇప్పుడే కాదు గని."