రెండు పెట్టెలు, ఒక జత

కందుకూరు, పామూరు రోడ్డు.
చెప్పులకొట్టు హజరత్తయ్య
నా కాళ్ల వంక చూసి అయ్యో అనలా.
పీట లాక్కొని కూచుని
కుడిపాదం తన మోకాలి మీద పెట్టుకున్నాడు.
ఎడమది ఆరు, కుడిది నాలుగు.

అందాకా అందరూ
పెద్ద చెప్పులో గుడ్డపీలికలు కుక్కి ఇచ్చినోళ్లే.

రెండు పెట్టెలు తెరిచి
ఒక్కోదాంట్లోంచి ఒక్కోటి తీసి
"ఇదీ నీ జత. ఒక జత డబ్బులే ఇయ్యి" అన్నాడు.
"మరి మిగిలినయ్యి?"
"నీకు తిరగేసిన కాళ్లు
పొదిల్లోనో కనిగిరిలోనో ఎవురికో ఉండవా ఏంది?
వస్తార్లే."
అట్టపెట్టె మీద పెన్సిలుతో ఏదో గీకి
అటక మీదికి విసిరాడు.

ఏడాదికోసారి పోయేదాన్ని,
అరిగినా, అరక్కపోయినా.
"వచ్చారా?"
"రాలా."
అటక మీద ఒకటి రెండైంది, రెండు అయిదైనయ్యి.
బల్లులు గుడ్లు పెట్టినయ్యి వాటి సందున.

మొన్న శ్రావణంలో అటక ఖాళీ.
"ఒకామె వచ్చి అన్నీ పట్టకపోయింది"
అన్నాడు, లేసులు చిక్కు తీస్తా,
నా మొహం చూడకుండా.

నిజమేనా అని అడగలా.
బస్టాండు దాకా
ఎదురొచ్చిన ప్రతి కాలూ చూసుకుంటా నడిచా.