జిడ్డు

పొద్దుగూకింది.
కలువాయి పోయే లారీకి క్లచ్ ప్లేటు బిగించి
కిందనుంచి బయటికి జరిగా.
ఇంగ చేతుల పని.

ఇంజను విప్పేదానికి ముప్పావు గంట,
చేతులు కడిగేదానికి ముప్పావు గంట
అనేవోడు కరీముల్లా మేస్త్రి.
స్పానరు నా చేతికి ఇవ్వకముందు
ఆరు నెలలు ఆయన నేర్పింది ఇదే.
"ముందుగా నీళ్ళు ముట్టుకోబాకరా అబ్బయా.
జిడ్డుకి నీళ్ళంటే లెక్కలేదు.
జిడ్డుతో జిడ్డే మాట్లాడాల."

అందుకే మొదట డీజిలు,
కోసిన ఆయిలు డబ్బా అడుగున రెండు వేళ్ళ మందం.
తర్వాత పక్క సామిల్లులో పిడికెడు రంపపు పొట్టు.
వేపచెక్క పొట్టైతే బో మంచిది,
టేకుది జారిపోతది.
రొట్టెల పిండి పిసికినట్టు పిసకాల.
నల్లటి వత్తులు వత్తులుగా రాలతాయి,
పొద్దుటినుంచి నేను తాకిందంతా:
గేరుబాక్సు, తుప్పుబోల్టు,
డ్రైవరు ఎగ్గొట్టిపోయిన నూటయాభై.

ఆపైన నిమ్మకాయ.

పొదలకూరులో నిమ్మకాయకి కరువేముంది.
యార్డు గేటు బయట
మచ్చకాయ, పగిలిన కాయ, మెత్తబడిన కాయ
కుప్పలుగా పోసుంటారు.
బర్రెలు కూడా వాసన చూసి మొహం తిప్పుకుంటాయి.
సగానికి కోసి, గోళ్ళు గుచ్చి తిప్పితే
అప్పుడు తెలుస్తది
యాడ గీరుకుందో, యాడ చీరుకుందో.
చెయ్యి నాకు చెప్పకుండా దాచుకున్న గాట్లని
ఒక్కోదాన్నే పేరు పెట్టి లేపుతది.

ఆ కాయలు తెచ్చేది చెంగమ్మ.
యార్డులో గ్రేడింగు పని దానిది.
ఆరింటినుంచి లావుకాయ ఇటు, గోలీకాయ అటు,
పచ్చిది బస్తాకి, పండుది పక్కకి.
పద్నాలుగేళ్ళుగా పులుపులో నానిన వేళ్ళు,
ఉడకబెట్టి ఒలిచిన శనక్కాయల మాదిరి
తెల్లగా, ముడతలుగా.
ముళ్ళు దిగిన చోట నల్లపూసంత మచ్చలు.
ఒక సేటు గ్లౌజులు కొనిచ్చాడు.
వేసుకుంటే కాయ మెత్తదో గట్టిదో తెలీదంట,
రెండో రోజే నాకు తెచ్చిచ్చింది.
నాకూ అదే కథ,
గ్లౌజులో నుంచి బోల్టు మాట వినపడదు.

ఇంటిముందర ఒకటే కొళాయి, ఒకటే బండ.
జిడ్డు పోవాలని నేను తోముతుంటా.
జిడ్డు కావాలని అది
కొబ్బరినూనె రాసుకుంటుంటది.
ఒకరోజు ఊరికే ఉండలేక
నా మణికట్టు మీద మిగిలిన గ్రీజు తీసి
దాని బొటనేలికి పూసా.
కొట్టింది.
కొట్టి, కాసేపు వేలు చూసుకొని,
"పక్క వేలికి గూడా పుయ్యి" అంది.

మొన్న రేషనుకి పోతే
డీలరు మిషను మా ఇద్దర్నీ వద్దంది.
నా గీతల నిండా నలుపు.
దాని వేళ్ళకి గీతలే లేవు.
నన్నైతే "తుడుచుకోవయ్యా" అన్నాడు.
దాన్ని ఏమనాల్నో తెలీక
ఇంకో వేలు పెట్టమ్మా, ఇంకో వేలు, అంటా పోయాడు.
వెనక లైనులో జనం గొణుగుడు.
పదో వేలికి,
ఎడంచేతి చిటికెనేలికి,
పచ్చ లైటు వెలిగింది.
"దానికి ఎప్పుడూ పని చెప్పలా," అంది చెంగమ్మ
మూట నెత్తికెత్తుకుంటా,
"సోమరిది, అందుకే మిగిలింది."

కరీముల్లా మేస్త్రి నాకు చెప్పంది ఒకటుంది.
ఎంత తోమినా
కుడి బొటనేలి గోరు పక్కన
వెంట్రుకంత గీత నల్లగా ఉండిపోతది.
డీజిలుకి పోదు, పొట్టుకి పోదు, కాయకి పోదు.
ఒకప్పుడు పెళ్ళి బంతుల్లో
ఆ వేలు మడిచి తినేవోణ్ణి.
ఇప్పుడు దాంతోనే కలుపుకుంటా.

పులుసులోకి చెంగమ్మ చింతపండే వేస్తది.
వంటింట్లోకి నిమ్మకాయని రానీదు.
బండ దాకా వస్తాయి అవి,
నా చేతుల కోసం.