పనిదినాలు

ఆదోనిలో ఖాజన్న నెట్ సెంటర్.
ఎమ్మెస్సీ ఫారానికి పద్నాలుగు వందలు.
కిలోకు పద్నాలుగు లెక్కన
నూరు కిలోల పత్తి.
మాయమ్మా నేనూ రెండు దినాలు వంగిందంతా
ఒక్క నొక్కుకు పాయె.

తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది,
నిలబడింది.
దుడ్లు కట్ అయినాయి. రసీదు రాలే.

"ఏడు పనిదినాల్లో వెనక్కొస్తాది మా,
ఏం భయం ల్యా."
ఎవురి పనిదినాలన్నా?
బ్యాంకోళ్లు ఆదివారం లెక్కపెట్టరు.
చేన్లో పగిలిన కాయకు
ఆదివారమని ఎవురు చెప్తారు?
గడువేమో ఈ రాత్రి పన్నెండు.

హైదరాబాదు మొన్ననే వదిలేసినా,
తిరుపతి నిన్న.
మిగిలింది అనంతపురం ఒక్కటే.
దానికి మళ్లీ కట్టను
కూలోళ్ల మేస్త్రి ఉరుకుందమ్మను
వచ్చేవారం కూలి ఇప్పుడే అడిగినా.
కొంగుముడి ఇప్పి ఇచ్చింది, యాడా రాసుకోలే.
"లెక్కలు సదివేది నువ్వే కదా,
నువ్వే గుర్తుపెట్టుకో."

ఫోటోలో నా చెవి పక్కన
తెల్లగా పత్తి పోగు.
"తుడిచేస్తా, పది రూపాయలవుతాది."
ఉండనీలే అన్నా.
ఆ పదికి పెద్దతుంబళం ఆటో
సగం దూరమన్నా వస్తాది.